ఏ రోజు కారు?

నెల్లూరు,
కార్తీక పౌర్ణమి మర్నాడు

చి. బుజ్జమ్మకు,


నువ్వు పంపిన ఫొటో నిన్న రాత్రి మీ అత్త ఫోన్‌లో చూశాను. నీ గదిలో మంచం మీద టామియా వాళ్ల లోటస్ 49 రేసు కారు మోడల్ పెట్టె. అట్ట మూలలు నలిగాయి గానీ లోపల ఒక్క ముక్క కూడా ఫ్రేము నుంచి తుంచినట్టు లేదు. ఎవరో ఏళ్ల తరబడి దాచుకుని, కట్టకుండానే వదులుకున్నారన్నమాట. అది తిరిగి తిరిగి నీ చేతికి రావడం నాకెంత సంతోషంగా ఉందో ఫోన్‌లో చెప్పడం నా వల్ల కాలేదు. అందుకే ఈ ఉత్తరం.

నువ్వు మూడు సంగతులు అడిగావు. ఏ ఆకుపచ్చ వేయాలి, ఏ గమ్ము వాడాలి, ఎన్నాళ్లు పడుతుంది అని. మూడూ చెబుతాను. ముందు నేను అడిగినదానికి నువ్వు జవాబు చెప్పాలి. నువ్వు కట్టబోయేది ఏ రోజు కారు?

లోటస్ 49 అన్నది ఒక కారు కాదమ్మా. ఆ పేరుతో కొన్నే కార్లు తయారయ్యాయి, వాటిని ప్రతి రేసుకూ ఎక్కడో ఒకచోట మార్చుతూనే పోయారు. పైపు దారి మారింది, రంగు మారింది, నంబరు మారింది. 1967 జూన్ 4న హాలండ్‌లో సముద్రపు ఇసుక దిబ్బల మధ్య ఉన్న జాండ్‌వోర్ట్‌లో అది మొదటిసారి రేసులో దిగింది. జట్టు డ్రైవర్లిద్దరిలో జిమ్ క్లార్క్‌ది 5వ నంబరు, గ్రాహం హిల్‌ది 6. ఆ రోజు కారు ఆకుపచ్చ, నడిమిన పసుపు చార. దాని మీద సిగరెట్ ప్రకటన లేదు, రెక్కల్లేవు. 1968 జనవరి 1న దక్షిణాఫ్రికాలో కయలామీ రేసు నాటికీ అదే ఆకుపచ్చే గానీ క్లార్క్ నంబరు 4. ఆ నెలలోనే న్యూజిలాండ్‌లో అదే జట్టు కారు ఒక సిగరెట్ కంపెనీ కోసం ఎరుపు, తెలుపు, బంగారు రంగుల్లో కనిపించింది. ఆ సంవత్సరమే రెక్కలూ మొలిచాయి. ఇవన్నీ 49లే. ఒకదాని ముక్క ఇంకొకదానికి పెడితే ఎప్పుడూ ఎక్కడా లేని కారు తయారవుతుంది.

ఇది నాకెలా తెలిసిందంటే, అలాంటి కారొకటి నేను తయారుచేశాను గనుక. 1986లో మన వీధిలో ఓడ ఉద్యోగం చేసే అబ్బాయి సింగపూర్ నుంచి నాకా పెట్టె తెచ్చిపెట్టాడు. అప్పటికి నేను పళ్ల సెట్లు చేసే పనిలో ఏడేళ్లుగా ఉన్నాను. చెయ్యి కుదిరింది, పనిముట్లున్నాయి, ఓపికుంది. ఎనిమిది నెలలు రాత్రిపూట కూర్చుని కట్టాను. పెట్టెలో లేనివి కూడా చేర్చాలన్న ఆశతో డ్రైవర్ సీటుకు బెల్టులు కుట్టాను. పాత గొడుగు గుడ్డ నుంచి సన్నటి పట్టీలు కోసి, టిన్ను రేకుతో బకిల్స్ చేసి పెట్టాను. ఇంటికొచ్చిన వాళ్లందరూ ముందు ఆ బెల్టులనే మెచ్చుకున్నారు. మీ అమ్మ అయితే భూతద్దం పెట్టి చూసింది.

కొన్నేళ్ల తర్వాత మద్రాసు మూర్‌మార్కెట్ పుస్తకాల కొట్లలో ఒక పాత ఇంగ్లీషు పత్రిక దొరికింది. అందులో జాండ్‌వోర్ట్‌లో క్లార్క్ కారులో కూర్చున్న ఫొటో ఉంది. భుజాల మీద పట్టీలు లేవు. నడుముకూ లేవు. ఆ రోజుల్లో ఫార్ములా వన్ డ్రైవర్లు బెల్టు కట్టుకునేవాళ్లు కారు. కారు అంటుకుంటే బయటికి దూకగలగాలి అన్నది వాళ్ల లెక్క. బెల్టు తప్పనిసరి అయింది 1972లో. నేను అంత శ్రద్ధగా కుట్టిన బెల్టులు ఆ మనిషి ప్రాణాలకు తెగించిన ధైర్యాన్ని చెరిపేశాయని ఆ రోజు అర్థమైంది. రాత్రి నిద్ర పట్టలేదు. ఆ కారు ఇప్పటికీ బీరువాలో ఉంది. బెల్టులు తీసెయ్యలేదు. తీసినా అంటించిన మచ్చలు పోవు.

కాబట్టి పెట్టె పక్కన పెట్టి ఒక వారం ఫొటోలు చూడు. నీకు నెట్టుంది, నాలా మూర్‌మార్కెట్ తిరగక్కర్లేదు. ఒక రేసు ఎంచుకో. ఆ వారాంతంలో తీసిన ఫొటోలు మాత్రమే ఒకచోట చేర్చు. ఇప్పుడు మ్యూజియంలలో ఉన్న కార్ల ఫొటోలు ఇంజన్ వివరానికి పనికొస్తాయి గానీ వాటిని గుడ్డిగా నమ్మకు. తర్వాత బాగు చేసేటప్పుడు కొత్త గొట్టాలు, కొత్త నట్లు వేసి ఉంటారు.

జాండ్‌వోర్ట్ రోజు కథ కొంచెం చెప్పనీ. ఆ వారాంతం దాకా క్లార్క్ ఆ కారును నడిపి ఎరగడు. పరీక్షలన్నీ హిల్ చేశాడు. ప్రాక్టీసులో హిల్ అందరికన్నా ముందు, క్లార్క్ చక్రం బేరింగు ఇబ్బందితో ఎనిమిదో స్థానం. రేసులో హిల్ ముందు దూసుకుపోయాడు గానీ 11వ రౌండుకే ఇంజన్ లోపలి పళ్లచక్రం విరిగి ఆగిపోయాడు. వెనక నుంచి ఒక్కొక్కరినే దాటుకుంటూ వచ్చిన క్లార్క్, 90 రౌండ్లు పూర్తి చేసి గెలిచాడు. కొత్త కారు, కొత్త ఇంజన్, మొదటి రేసు. ఆ రంగంలో అలా జరగడం చాలా అరుదు. ఆ ఇంజన్ పేరు డీఎఫ్‌వీ. కాస్‌వర్త్ కంపెనీలో కీత్ డక్‌వర్త్ గీశాడు. ఫోర్డ్ కంపెనీ లక్ష పౌండ్లు పెట్టింది. ఆ ఇంజనే 1983 వరకు మొత్తం 155 గ్రాండ్ ప్రీలు గెలిచింది. నీ పెట్టెలో అది ఇరవై, ముప్పై ప్లాస్టిక్ ముక్కలుగా పడుకుని ఉంది. ఆ ముక్కల్ని చులకనగా చూడకు.

ఇంజన్ దగ్గర నిన్ను కాసేపు ఆపుతాను. ఈ కారు ప్రాణమంతా అక్కడే. మామూలు కారులో ఒక ఫ్రేము ఉంటుంది, ఇంజన్ దాంట్లో కూర్చుంటుంది. ఇంజన్ దించినా కారు నాలుగు చక్రాల మీద నిలబడే ఉంటుంది. లోటస్ 49లో అలా కాదు. ముందువైపు అల్యూమినియం రేకులతో చేసిన తొట్టి లాంటి శరీరం డ్రైవర్ వీపు దగ్గర గోడతో ఆగిపోతుంది. ఆ గోడకు ఇంజన్‌ను నాలుగు బోల్టులతో బిగించారు. కింద రెండు, పైన రెండు. గేర్‌బాక్సు ఇంజన్‌కు, వెనక చక్రాల సస్పెన్షన్ ఆ రెంటికీ. ఇంజన్ ఊడదీస్తే కారుకు వెనక భాగమే లేదు. కాలిన్ చాప్‌మన్, మారిస్ ఫిలిప్ అలా గీశారు. ఆ పద్ధతి అంతకు ముందు కూడా ఉంది, లోటస్‌లోనే ఒక బరువైన 16 సిలిండర్ల ఇంజన్‌తో ఒక ఏడాది ముందు చేశారు. కానీ అది అందరికీ దారి అయింది 49 తర్వాతే.

పైన ఉన్న రెండు బోల్టులకూ గోడకూ మధ్య పల్చటి త్రికోణపు రేకులుంటాయి. ఎందుకో ఆలోచించు. ఇంజన్ వేడెక్కితే సాగుతుంది. అటు తొట్టి సాగదు. రెండూ గట్టిగా బిగిస్తే ఏదో ఒకటి చీలాలి. పల్చటి రేకు ఆ కొంచెం సాగుడును వంగి భరిస్తుంది, కారు మెలితిరగబోతే మాత్రం వంగదు. ఇది మొదటిసారి అర్థమైనప్పుడు నాకు మా పని గుర్తొచ్చింది. కట్టుడు పళ్ల సెట్టును మిగిలిన పళ్లకు పట్టించే తీగ కొక్కెం కూడా ఇంతే. కొంచెం ఇవ్వాలి, ఎక్కువ ఇవ్వకూడదు. మరీ బిగువైతే పక్క పన్ను కదిలిపోతుంది. నీ మోడల్లో ఆ త్రికోణపు రేకుల మందం తప్పకుండా తగ్గించు. అచ్చులో పోసిన ప్లాస్టిక్కు అంత పల్చగా రాదు, కనుక అవి దళసరిగా ఉంటాయి. ఉప్పుకాగితం మీద వేలితో ఒత్తి రుద్దుతూ, గోరంత మందానికి తీసుకురా. చూసేవాళ్లకు కారణం తెలియదు గానీ కారు ఒక్కసారిగా నిజమైనట్టు అనిపిస్తుంది.

ఈ పని ఎందుకంత చిన్నగా ఉంటుందో లెక్క చెబుతాను. నీ మోడల్ నిజం కారులో పన్నెండో వంతు, అంటే అడుగుకు అంగుళం. నిజం కారులో ముందు ఇరుసుకూ వెనక ఇరుసుకూ మధ్య దూరం 2.4 మీటర్లు, నీ మోడల్లో అది 20 సెంటీమీటర్లు. సిలిండర్ వెడల్పు 85.67 మిల్లీమీటర్లు, నీ దగ్గర 7కు కొంచెం పైన. ప్లగ్గు తీగ నిజంలో సుమారు 7 మిల్లీమీటర్ల లావు, అంటే నీకు కావలసిన తీగ 0.6 మిల్లీమీటర్లు. చాలామంది 1 మిల్లీమీటరు తీగ పెట్టేస్తారు. అది నిజం కారు మీద 12 మిల్లీమీటర్ల తాడు. ఇంజన్ మీద పాములు పాకినట్టుంటుంది.

ఆ తీగలు ఎలా చేయాలో చెబుతాను, అన్నిటికన్నా నాకిష్టమైన పని అదే. డీఎఫ్‌వీలో ఒక్కో సిలిండర్‌కు నాలుగు వాల్వులు, నడిమధ్యన ప్లగ్గు. ఎనిమిది సిలిండర్లు, ఎనిమిది తీగలు. ముందు సూదితో రంధ్రం రావలసిన చోట చిన్న గుంట పెట్టు. ఆ గుంట లేకపోతే బర్, అంటే మా పళ్ల పనిలో తొలిచే సన్నటి మొన, జారిపోయి పక్కన గీత పడుతుంది. తర్వాత చేతి పిడికి 0.6 బర్ బిగించి, మోటారుతో కాకుండా వేళ్లతో తిప్పు. మోటారు వేగానికి ప్లాస్టిక్ కరిగి, తీగలు తీగలుగా బయటికొచ్చి రంధ్రం మళ్లీ మూసుకుంటుంది. మూడు నాలుగు చుట్లు తిప్పగానే బయటికి లాగి పొడి ఊదు, మళ్లీ తిప్పు. లోతు 2 మిల్లీమీటర్లు చాలు. తీగకు సన్నటి సోల్డర్ తీగ వాడు. అది రాగిలా తిరగబడదు, ఎలా వంచితే అలా ఉండిపోతుంది. రబ్బరు గొట్టం బరువుకు వంగిన వంపు దాంట్లో చక్కగా వస్తుంది. ముందు నల్లరంగు వేసి ఆరనిచ్చి తర్వాత వంచు. ముందే వంచి రంగేస్తే వంపులో రంగు పేరుకుంటుంది. నల్లరంగు కూడా నిగనిగలాడేది వద్దు, బూడిద కలిసిన మెరుపులేని నలుపు.

నువ్వు అడిగిన రెండో సంగతి గమ్ము గదా. ప్లాస్టిక్‌కు ప్లాస్టిక్ అంటించేది గమ్ము కాదు, కరిగించే ద్రవం. రెండు ముక్కలూ దగ్గర పెట్టి, సందు మీద కుంచె మొన తాకిస్తే అదే లోపలికి పాకుతుంది. అంటుకున్నాక రెండూ ఒకే ముక్క. ఫెవిక్విక్ లాంటిది లోహపు ముక్కలకు పరవాలేదు, మెరుపు పూసిన భాగాల దగ్గరికి, అద్దంలాంటి ముక్కల దగ్గరికి మాత్రం రానివ్వకు. దాని ఆవిరికి తెల్లటి పొర కమ్ముతుంది. మెరుపు పూసిన ముక్కల్ని అంటించే చోట పూత గీకెయ్యి, లేకపోతే పూతకు అంటుకుంటుంది గానీ ముక్కకు అంటదు.

ఇక రంగు. ఆకుపచ్చ డబ్బీలు టామియాలోనే రెండున్నాయి, బ్రిటిష్ గ్రీన్ అని ఒకటి, రేసింగ్ గ్రీన్ అని ఒకటి. ఏది సరైనదని నువ్వు అడిగితే నేను ఎదురు అడుగుతాను, ఆ రోజు ఎండ ఉందా, మబ్బుందా? పళ్ల రంగు చూడ్డానికి మా దగ్గర షేడ్ గైడ్ ఉండేది. ఏ1, ఏ2, ఏ3 అంటూ వరుసగా. పేషెంటు పన్ను పక్కన పట్టి పగటి వెలుతురులో చూడాలి, ట్యూబ్‌లైటు కింద చూస్తే తప్పే. నువ్వూ అలాగే చెయ్యి. రెండు ప్లాస్టిక్ చెంచాలకు రెండు రంగులూ కొట్టి, కిటికీ దగ్గర, ఆ రోజు ఫొటో పక్కన పెట్టి చూడు. ఇంకో మాట. చిన్న వస్తువు మీద ముదురు రంగు ఇంకా ముదురుగా కనిపిస్తుంది. ఆకుపచ్చను నాలుగు చుక్కల పసుపుతో లేత చేస్తేనే కంటికి నిజం కారు దూరం నుంచి కనిపించినట్టుంటుంది.

రంగు కొట్టే రోజు గురించి మాత్రం గట్టిగా చెబుతున్నాను. నేను బాడీకి రంగు కొట్టింది నవంబర్‌లో. నెల్లూరులో నవంబరంటే ఈశాన్య రుతుపవనం, గోడలకు చెమట పట్టే నెల. ఆ సాయంత్రం వాన ఆగింది గదా అని డాబా మీద కొట్టేశాను. పది నిమిషాల్లో ఆకుపచ్చ అంతా పాలు పోసినట్టు తెల్లబడింది. లాకర్ రంగులో ఉన్న ద్రవం గబగబా ఆరిపోతూ తడి పొరను చల్లబరుస్తుంది. గాలిలో తేమ ఎక్కువగా ఉంటే ఆ చల్లదనానికి నీరు పొరలోకి దిగి తెలుపవుతుంది. అప్పుడు నాకీ సంగతి తెలియక డబ్బీదే తప్పనుకుని ఇంకో పూత కొట్టాను. అదీ తెల్లబడింది. మొత్తం రుద్ది తీసి, సంక్రాంతి దాటాక, పొడి ఎండలో మళ్లీ కొట్టాను. మీ ఊళ్లో వాన ఉండని రోజు వెతుక్కోవాలేమో. బయట కొట్టకు, గదిలో కిటికీ తీసి, మంచి మాస్కు పెట్టుకుని కొట్టు. చలికి డబ్బీలో ఒత్తిడి తగ్గుతుంది. గోరువెచ్చటి నీళ్లలో ఐదు నిమిషాలు పెట్టి తీస్తే సన్నగా వస్తుంది. వేడినీళ్లలో మాత్రం ఎన్నడూ పెట్టకు. మొదటి పూతకు కింది బూడిదరంగు కనబడుతూనే ఉండాలి. ఒక్కసారికే మూసెయ్యాలని చూస్తే అంచుల దగ్గర జారుతుంది.

నీది పాత పెట్టె కాబట్టి ఇంకో రెండు జాగ్రత్తలు. స్టిక్కర్లు పసుపు తిరిగి ఉంటే వాటిని ప్లాస్టిక్ కవర్లో పెట్టి కిటికీ అద్దానికి కొన్ని రోజులు అతికించు, ఎండకు పసుపు తగ్గుతుంది. వాడే ముందు అక్కర్లేని ఒక ముక్కను నీళ్లలో వేసి చూడు, పగిలిపోతే మొత్తం షీటు మీద పారదర్శకపు పూత కొట్టాలి. టైర్ల రబ్బరు అంతకన్నా మోసకారి. అందులోని నూనె మెల్లగా చక్రం ప్లాస్టిక్‌లోకి దిగి దాన్ని మెత్తబరుస్తుంది. నా కారు ఎడమ ముందు చక్రం అంచు ఇప్పుడు నమిలిన తాటిముంజెలా ఉంది. చక్రం అంచుకు పల్చటి రేకు చుట్టి టైరు ఎక్కించు.

ఎన్నాళ్లు పడుతుందన్నదానికి నా దగ్గర లెక్క లేదు. నువ్వు చదువుకునే పిల్లవు, వారానికి రెండు రాత్రులు కూర్చుంటే వచ్చే ఏడాది ఈ పాటికి అవుతుందేమో.

మీ తాతకు నేను ఈ బొమ్మకార్లతో రాత్రుళ్లు గడపడం నచ్చేది కాదు. రేసులంటే ఆ పిచ్చి నాకెక్కడ పట్టిందని మీ అమ్మ కూడా చాలాసార్లు అడిగింది. షోలవరంలో పట్టింది. నెల్లూరు నుంచి మద్రాసు బస్సెక్కి, ఊరికి ఇంకా దూరం ఉండగానే దిగాలి. యుద్ధం రోజుల్లో విమానాల కోసం వేసిన రన్‌వే అది. దాని మీదే మద్రాస్ మోటార్ స్పోర్ట్స్ క్లబ్ వాళ్లు రేసులు పెట్టేవాళ్లు. 1979లో పనిలో చేరిన కొత్తలో మొదటిసారి వెళ్లాను. తాళ్లు కట్టిన చోట నిలబడితే, కారు దాటిపోయాక గాలిలో కాలిన ఆముదం వాసన మిగిలింది. రేసు ఇంజన్లకు ఆముదంతో చేసిన నూనె పోస్తారని పక్కన నిలబడ్డ మెకానిక్కు చెప్పాడు. మన ఇంట్లో మా నాయనమ్మ ఆముదం కాచిన రోజు వంటింట్లో వచ్చే వాసనే, కాకపోతే నిప్పు కలిసింది. ఆ రోజు నుంచి ఆ వాసన నన్ను వదల్లేదు. తర్వాత చదివి తెలుసుకున్నాను, లోటస్ ఫ్యాక్టరీ ఉన్న హెథెల్ కూడా యుద్ధం నాటి విమానాశ్రయమేనని. అమెరికా బాంబర్లు ఎగిరిన రన్‌వేను కార్లు పరీక్షించే ట్రాక్‌గా మార్చుకున్నారు. సిల్వర్‌స్టోన్‌దీ అదే కథ. యుద్ధం వదిలేసిన ఆ పొడవాటి సిమెంటు మీదే అక్కడా ఇక్కడా కుర్రాళ్లు వేగం నేర్చుకున్నారు.

నువ్వు ఎడిన్‌బరాలో ఉన్నావు గనుక నీకొక పని. అక్కడి నుంచి ఆగ్నేయంగా డన్స్ అనే చిన్న ఊరుంది. అక్కడ జిమ్ క్లార్క్ మ్యూజియం ఉంది. వీలు చూసుకుని వెళ్లిరా. క్లార్క్ రైతు బిడ్డ. నలుగురు అక్కల తర్వాత పుట్టిన ఒక్క మగపిల్లవాడు. ఎడింగ్టన్ మెయిన్స్ అనే వాళ్ల పొలం అక్కడికి దగ్గర్లోనే. గొర్రెలు, పంటలు చూసుకుంటూ పెరిగాడు. 1963లో, 1965లో ప్రపంచ ఛాంపియన్ అయ్యాడు. కయలామీలో గెలిచింది అతనికి 25వ గ్రాండ్ ప్రీ, అప్పటికి ఫాంజియో అనే డ్రైవర్ పేరున ఉన్న 24 గెలుపుల రికార్డును దాటేశాడు. మూడు నెలలు తిరగ్గానే, 1968 ఏప్రిల్ 7న జర్మనీలో హాకెన్‌హైమ్‌లో చిన్న తరగతి రేసులో చెట్లలోకి దూసుకుపోయి చనిపోయాడు. 32 ఏళ్లు. చర్న్‌సైడ్‌లో అతని సమాధి రాతి మీద ముందు రైతు అని ఉంటుంది, రేసు డ్రైవరన్నది ఆ తర్వాత. మన పెన్నా ఒడ్డున పుట్టిన మనిషికి ఆ వరస అర్థం కావడానికి కష్టం లేదు. వెళితే నా పేరు చెప్పి ఒక పువ్వు పెట్టు.

చాలామంది హాకెన్‌హైమ్ దగ్గరే క్లార్క్ కథ మొదలుపెడతారు. నువ్వు అలా చేయకు. అతను చనిపోయింది నీ పెట్టెలో ఉన్న కారులో కాదు, లోటస్ 48 అనే వేరే కారులో. 49 అతనికి ఒక్కసారి కూడా ద్రోహం చేయలేదని నేననను, చాలాసార్లు దారిలో ఆగిపోయింది. 1967 సెప్టెంబర్‌లో మోంజాలో చక్రం గాలి పోయి రౌండు మొత్తం వెనకబడ్డాడు. ఒక్కొక్కరినీ దాటి, పోయిన రౌండును తిరిగి తెచ్చుకుని, మళ్లీ మొదటి స్థానానికి వచ్చాడు. ఆఖరి రౌండులో పెట్రోలు అందక మూడో స్థానంలో గీత దాటాడు. గెలవని రోజు కూడా కట్టుకోదగ్గ రోజే. మోంజా ఎంచుకుంటానంటే నేను సంతోషిస్తాను.

నా రోజు నేను ఎంచుకున్నాను. మొన్న శ్రావణంలో మళ్లీ ఒక 49 పెట్టె తెప్పించాను, మీ అత్తకు ధర చెప్పలేదు, నువ్వూ చెప్పకు. ఈసారి కట్టేది 1967 అక్టోబర్ 1, అమెరికాలో వాట్కిన్స్ గ్లెన్. ఇంకా రెండు రౌండ్లు ఉందనగా క్లార్క్ కారు కుడి వెనక చక్రానికి పైన పట్టి ఉంచే సస్పెన్షన్ భాగం విరిగింది. చక్రం పైభాగం లోపలికి వాలిపోయింది. హిల్ వెనక నుంచి తరుముకొస్తున్నాడు. ఆ వాలిన చక్రంతోనే, కుడివైపు బరువు పడకుండా జాగ్రత్తగా తిప్పుకుంటూ, క్లార్క్ సుమారు 6 సెకన్ల తేడాతో గెలిచాడు. నా కారు చక్రం అలాగే వాలి ఉంటుంది. దాని కోసం లింకును కోసి, విరిగిన కొన గరుకుగా కనబడేలా ఆకురాయితో గీకి, చక్రం లోపలికి వంచి పిన్ను దించాను. ఎంత వాలాలో తేలక నాలుగు సార్లు పీకి పెట్టాను. నాలుగోసారి పొద్దున్నే కిటికీ వెలుగులో చూస్తే కారు కుంటుతూ ఇంటికొస్తున్నట్టనిపించింది. అక్కడ ఆపేశాను. ఈ కారుకు బెల్టులు లేవు.

ఎడమవైపు సిలిండర్ హెడ్‌కు నాలుగు ప్లగ్గు రంధ్రాలు వేశాను. మూడు సరిగ్గా వచ్చాయి. నాలుగోది పావు మిల్లీమీటరు పక్కకు పోయింది. శుక్లం ఆపరేషన్ అయ్యాక కన్ను బాగానే ఉంది గానీ చెయ్యి మునుపట్లా లేదు, బర్ మొన తాకించే ముందు ఒక్క క్షణం వణుకుతోంది. కుడివైపు నాలుగూ వేయకుండా ఉంచాను. ఆ ఇంజన్ ముక్కను పళ్ల అచ్చులు దాచుకునే పాత డబ్బాలో, దూదిలో పెట్టాను. వేసవికి వస్తానన్నావు గదా, అవి నువ్వు వేద్దువు గాని.

ఈ ఉత్తరంతో పాటు నా బర్‌లలో ఆరు పంపుతున్నాను. గాజు గొట్టంలో, మైనంలో గుచ్చి ఉన్నాయి. 0.6వి మూడు, 0.5వి రెండు, 0.8ది ఒకటి. మైనం తీసేటప్పుడు గోరుతో తీయి, వేడి చేయకు. వాటిని ముందు ఫ్రేము మిగుళ్ల మీద వాడి చెయ్యి అలవాటు చేసుకో. యాభై రంధ్రాలు వేశాక గానీ ఇంజన్ జోలికి వెళ్లకు.

ఉత్తరం అందగానే నీ రోజేదో రాయి. అది తెలిశాక ఏ ఆకుపచ్చో నేను రాస్తాను. డబ్బీ మాత్రం అప్పటిదాకా తెరవకు.

మీ అత్త ఆవకాయ పంపుతానంటోంది. చలికి చెవులు కప్పుకో.

ఇట్లు,
మీ మామయ్య